చుక్క పడిన చోటు, లీకు పుట్టిన చోటు

ప్రొద్దుటూరు షెడ్లలో చాలావాటికి కింద నల్లటి కడప బండలే పరచి ఉంటాయి. ఆ బండ మీద ఇంజన్ ఆయిల్ పడితే కంటికి ఆనదు. రాత్రంతా కారినా పొద్దునకు బండ ఒక పక్క కాస్త మెరుస్తుంది, అంతే. పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటల్లో అయితే కారు మట్టి మీద నిలబడుతుంది. పడిన చుక్కను పడినట్టే మట్టి తాగేస్తుంది. అందుకే మన పక్క పాత కారు ఉన్నవాళ్లలో చాలామందికి లీకు సంగతి ఆయిల్ స్టిక్కు తీసినప్పుడే తెలుస్తుంది, లేదంటే డాష్ బోర్డు మీద ఎర్ర లైటు వెలిగాక. ఇంజన్ పని చేయించి అప్పటికి వారమే అయి ఉంటే ఇక ఆ మనిషి ఊరుకోడు. నేరుగా షెడ్డుకు పోయి మేస్త్రీ మీద పడతాడు.

ఆ షెడ్డుకు పోయే ముందు ఇంటి దగ్గర చేయాల్సిన పని గురించే ఈ అధ్యాయం. మేస్త్రీని తప్పించి మీరే పానా పట్టుకోమని నా ఉద్దేశం కాదు. ఆయిల్ ఎక్కడ నుంచి వస్తోందో తెలుసుకోవడం వేరే పని, దాన్ని ఆపడం వేరే పని. రెండోది మేస్త్రీది. మొదటిదానికి కావలసింది ఓపిక, కాస్త అట్ట, కాస్త పౌడరు. ఇంజన్ విప్పడం రాకపోయినా మొదటి పని చక్కగా చేయవచ్చు. నిజానికి విప్పడం బాగా వచ్చినవాళ్లే దాన్ని వదిలేస్తారు. చెయ్యి ముందుకు పోతుంది, కన్ను వెనకబడుతుంది.

మన జిల్లాలో ఇప్పటికీ తిరుగుతున్న పాత బండ్లు మూడు రకాలు. ఏపీ 04 నంబరు ప్లేటుతో తాతల నాటి అంబాసిడర్లు, అక్కడక్కడ ప్రీమియర్ పద్మినీలు, తోటల్లోనూ రాళ్ల గనుల్లోనూ మహీంద్రా జీపులు. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారుకు మన రూపం. పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1958 ప్రాంతం నుంచి 2014 మే దాకా తయారు చేసింది. చాలాకాలం దానికి ఉన్నది 1489 సీసీ బీఎంసీ ఇంజన్, పెట్రోలు రకమూ డీజిలు రకమూ. పద్మినిది ఫియట్ 1100 వంశం, 1089 సీసీ. జీపులను మహీంద్రా వాళ్లు 1947 నుంచి విల్లీస్ నమూనా మీద బిగిస్తూ వచ్చారు. ఇక్కడ ఎక్కువగా అంబాసిడర్ గురించే చెబుతాను. ఆ ఇంజన్ గుణం తెలిస్తే మిగతావాటి వరస కూడా చాలావరకు అర్థమవుతుంది.

కొత్తగా కట్టిన ఇంజనే ఎక్కువ కారుతుందంటే కొందరు నమ్మరు. కానీ కారణం ఉంది. ముప్పై ఏళ్ల మురికి, గట్టిపడిన ఆయిలు కలిసి పాత ఇంజన్ అతుకుల మీద ఒక పొరగా పేరుకుని ఉంటాయి. ఇంజన్ పనిలో కిరసనాయిలు పోసి అదంతా కడిగేస్తారు. ప్రతి కవరూ విప్పి మళ్లీ బిగిస్తారు. ప్యాకింగులు బెంగళూరు జేసీ రోడ్డు నుంచి ఒక కంపెనీవి, చెన్నై పుదుప్పేట నుంచి ఇంకో కంపెనీవి వస్తాయి. వాటి మందం ఒకటిగా ఉండదు. కొత్త రింగులు సిలిండర్ గోడకు ఇంకా సర్దుకుని ఉండవు. అందుకని మొదటి ఐదు వందల కిలోమీటర్లలో ఎక్కడో ఒకచోట చెమ్మ కనబడితే అది వింత కాదు. చెమ్మ వేరు, కారడం వేరు. అతుకు వెంట తడి మెరిసి, దుమ్ము అంటుకుని, చుక్క కట్టకుండా ఆగితే చెమ్మ. చుక్క కట్టి నేల మీద పడితే కారడం. పాత ఇంజన్‌కు చెమ్మ ఉంటే దాని జోలికి పోకండి.

అట్ట దగ్గర మొదలుపెట్టండి

ఫ్రిజ్‌దో టీవీదో పెద్ద అట్టపెట్టె సంపాదించి, విప్పి పరిచి, బండిని దాని మీద ఆపండి. ముందు చక్రాలు ఎక్కడ ఆగాయో అట్ట మీద గీత గీయండి, రేపు కూడా బండి సరిగ్గా అక్కడే ఆగాలి. ఫ్యాను కింద ఒక గీత, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ డ్రెయిన్ నట్టు కింద ఒకటి, ఇంజన్‌కూ గేర్ బాక్స్‌కూ మధ్య ఉన్న బెల్ హౌసింగ్ కింద ఒకటి, గేర్ బాక్స్ తోక కింద ఒకటి. ఇది రాత్రి అట్ట. తెల్లారి దాని మీద తేదీ వేసి తీసేసి, ఇంకో అట్ట పరచి, ఇంజన్ ఆన్ చేసి పది నిమిషాలు ఆడనివ్వండి. ఇది పరుగు అట్ట.

ఈ రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. రాత్రి అట్ట మీద పది చుక్కలున్నాయనుకుందాం. ఇరవై చుక్కలకు ఇంచుమించు ఒక మిల్లీలీటరు. అంటే రాత్రికి అర మిల్లీలీటరు, నెలకు పదిహేను. అదే ఇంజన్ ఆడుతున్నప్పుడు నిమిషానికి ఐదు చుక్కలు పడితే గంటకే ఆ పదిహేను పోతాయి. మొదటిదానికి కంగారు అక్కర్లేదు. రెండోదానితో తిరుపతికి బయలుదేరకూడదు. చుక్కల సంఖ్య చూసి భయపడేవాళ్లు, అవి ఏ వేళ పడ్డాయో చూడరు.

పడిన ద్రవం ఏమిటో కూడా అట్టే చెబుతుంది. ఇంజన్ ఆయిల్ గోధుమ రంగులోనో నల్లగానో ఉంటుంది. గేర్ బాక్స్‌లో గేర్ ఆయిల్ పోసి ఉంటే వేలికి జిడ్డు ఎక్కువ, గంధకం వాసన ముక్కుకు కొడుతుంది. చక్రం లోపలి వైపు పల్చగా, పసుపు పచ్చగా తడి ఉంటే అది బ్రేక్ ఆయిల్. అది కనిపిస్తే ఈ అధ్యాయం పక్కన పెట్టి బండిని అక్కడే ఆపండి. డీజిల్ బండిలో పంపు దగ్గర కారిన డీజిలు ఇంజన్ మీదుగా దిగి ఆయిల్‌తో కలిసిపోతుంది. వాసన చూడకుండా ఆయిల్ లీకని తీర్మానించి ఛాంబర్ ప్యాకింగు మార్పించుకునేవాళ్లు ఉన్నారు.

ఇక కడగడం. ఇంజన్ పూర్తిగా చల్లారాక కిరసనాయిలో డీజిలో బ్రష్‌తో పూసి, జిడ్డు మొత్తం వదిలేదాకా రుద్ది తుడవండి. పెట్రోలు వద్దు. నీళ్లు కొట్టేట్టయితే డిస్ట్రిబ్యూటర్‌కూ కార్బురేటర్ నోటికీ ప్లాస్టిక్ కవర్లు కట్టండి. కడిగిన ఇంజన్‌ను ఒక పూట ఎండకు ఆరనివ్వాలి. కడప జిల్లా ఎండాకాలంలో ఆరబెట్టడం పెద్ద పని కాదులెండి. ఆరాక అనుమానమున్న అతుకుల మీద ముఖానికి రాసే పౌడరు పల్చగా చల్లండి. ఫుట్ పౌడర్ స్ప్రే దొరికితే ఇంకా సులువు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దారుల్లో తిరిగే బండికి ఆ అవసరం కూడా ఉండదు. బండలు కోసే యూనిట్ల పొడి, సిమెంటు లారీల దుమ్ము ఒక్క రోజులో ఇంజన్ మీద తెల్లగా పరుచుకుంటాయి. ఎక్కడ ఆ తెలుపు నల్లబడిందో అక్కడ చూస్తే చాలు.

తరవాత ఇంజన్ ఆన్ చేయండి. రెండు నిమిషాలకు ఒకసారి ఆపి టార్చి వేసి చూడండి. పావుగంట ఆడనిచ్చి మళ్లీ చూడండి. తొందరపడి ఒకేసారి ఇరవై కిలోమీటర్లు తోలుకొచ్చి చూస్తే లాభం లేదు. ఫ్యాను గాలికి ఆయిలంతా వెనక్కు చెదిరి, ఇంజన్ మొత్తం మళ్లీ తడిసి, కడిగిన శ్రమ వృథా అవుతుంది. లీకు పుట్టిన చోటు కనిపించేది మొదటి కొద్ది నిమిషాల్లోనే.

ఇంకో మాట. భుజం మీద తువ్వాలు తీసి పక్కన పెట్టండి, ఫ్యాను బెల్టుకు దాని కొస చిక్కిందంటే మెడకు ముప్పు. బండి కిందికి దూరాలంటే జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు, గట్టి స్టాండ్లు పెట్టి చక్రాలకు రాళ్లు అడ్డం వేయండి.

చూపు పైనుంచి కిందికి, ముందు నుంచి వెనక్కు రావాలి. ఆయిల్ దారి అదే. ఛాంబర్ అడుగున తడి ఉందని ఛాంబర్ ప్యాకింగును తప్పు పట్టే ముందు, ఆ తడికి పైన ఎక్కడ పొడిగా ఉందో చూసుకోండి. తడి మొదలైన పై అంచే మీ అనుమానితుడు. పైన ట్యాపెట్ కవర్ దగ్గర కారిన ఆయిలు ఇంజన్ వెనక గోడ వెంట దిగి, బెల్ హౌసింగ్‌లోకి చేరి, దాని అడుగు రంధ్రం నుంచి చుక్కలుగా పడుతుంది. కింద నుంచి చూసినవాడు 'వెనక సీలు పోయింది, ఇంజన్ దింపాల' అంటాడు. పైనున్న రెండు నట్లు, ఒక కార్క్ ప్యాకింగుతో పోయే పనికి ఇంజన్ దింపుతారు. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో గీటురాయి మీద గీయకుండా నగకు ధర కట్టరు, లక్షల ఇంజన్‌కు మాత్రం చూపు మీదే తీర్పు చెప్పేస్తాం.

పౌడరుతో తేలని లీకు ఉంటుంది. దానికి ఆయిల్‌లో కలిపే మెరిసే రంగు సీసా దొరుకుతుంది. అది కలిపి కాసేపు ఆడించి, చీకట్లో ఊదా లైటు వేస్తే ఆయిల్ వచ్చిన దారంతా పచ్చగా మెరుస్తుంది. ప్రత్యేకంగా లైటు కొనకపోయినా, అంగళ్లలో దొంగనోట్లు చూసే చేతి లైటు చాలావరకు పనికొస్తుంది.

ముందు ఊపిరి చూడండి

ఒక్కచోట కాకుండా నాలుగైదు చోట్ల ఒకేసారి కారుతోందా? అయితే ప్యాకింగుల మీద డబ్బు పెట్టకండి. లోపలి గాలి సంగతి చూడండి.

పిస్టన్ రింగుల పక్క నుంచి మండిన వాయువు కొంత కిందికి, ఆయిల్ ఉన్న అరలోకి జారుతుంది. మన మేస్త్రీలు దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. అది బయటికి పోవడానికి ఇంజన్‌కు ఒక బ్రీదర్ దారి పెట్టి ఉంటారు. అంబాసిడర్ ఇంజన్‌లో ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు ఒక గొట్టం, ఎడమ పక్క కవర్ నుంచి కిందికి ఒక గొట్టం ఉంటాయి. ఆ గొట్టాలు పూడుకుపోయినా, రంగు వేసేటప్పుడు ఎవరో మూసేసినా, గొట్టం నొక్కుకుపోయినా లోపల గాలి నిండుతుంది. నిండిన గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్‌ను నెడుతుంది. మీరు ఒక ప్యాకింగు గట్టిగా బిగిస్తే పక్కదాన్ని చూసుకుంటుంది. ఇంజన్ పనిలో బ్రీదర్ గొట్టం లోపల శుభ్రం చేయడం మరిచిపోవడం మామూలే, పైకి అది ఇంజన్ భాగంలా కనబడదు కదా.

పరీక్ష సులువు. ఇంజన్ వేడెక్కాక, ఐడిల్‌లో ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీయండి. ఆవిరిలా కొద్దిగా వస్తే మామూలే. దమ్ములు దమ్ములుగా పొగ కొట్టినా, చెయ్యి అడ్డం పెడితే అరచేతిని తోసినా బ్యాక్ కంప్రెషన్ ఎక్కువ ఉన్నట్టు. ముందు బ్రీదర్ గొట్టాలు విప్పి కిరసనాయిలుతో కడిగి, నోటితో ఊది దారి చూడండి. దారి బాగుండి కూడా దమ్ములు కొడుతుంటే రింగుల సంగతి. ఇక్కడ కొత్త ఇంజన్‌కు కొంత గడువివ్వాలి. ఐదు వందల కిలోమీటర్లు, బరువు మారుస్తూ, ఒకే వేగంతో ఈడ్చకుండా తోలండి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా సుమారు ఇరవై కిలోమీటర్ల దారి దీనికి చక్కగా సరిపోతుంది, గండికోట దాకా పొడిగించుకుంటే ఇంకా మంచిది. రింగులు సర్దుకున్నాక సగం లీకులు వాటంతటవే తగ్గడం వింతేమీ కాదు. తగ్గకపోతే కంప్రెషన్ గేజి పెట్టించి నాలుగు సిలిండర్లూ కొలిపించండి. ఒకటి మిగతావాటి కన్నా బాగా తక్కువ చూపిస్తే అప్పుడు మాట్లాడాల్సింది ప్యాకింగు గురించి కాదు, లేత్ షాపులో జరిగిన బోరింగు గురించి, రింగులు ఎక్కించిన తీరు గురించి.

ఆయిల్ ఎక్కువ పోయడం కూడా ఈ జాతి తప్పే. 'కారుతోంది కదా' అని స్టిక్కు మీది పై గీత దాటించి పోస్తారు. క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలుకుతుంది, అది నురగ కట్టి పైకెగసి ఇంకా కారుతుంది. స్టిక్కు మీద రెండు గీతల మధ్య ఎక్కడున్నా ఇంజన్‌కు లోటు లేదు. గ్రేడు విషయంలో ఈ ఇంజన్లకు, మన వేడికి 20డబ్ల్యూ-50 పెట్టుకోవడం నా ఎంపిక. కొత్త కార్లకు వాడే 5డబ్ల్యూ-30 లాంటి పల్చటిది ఖరీదైనదని పోస్తే, ఇంతకు ముందు లేని చోట కూడా చెమ్మ మొదలవుతుంది.

అంబాసిడర్ కారే చోట్లు

పై నుంచి వద్దాం. ట్యాపెట్ కవర్‌కు కార్క్ ప్యాకింగు. దాన్ని కవర్‌కు అంటించి, హెడ్డు వైపు కాస్త గ్రీజు రాసి పెడితే ట్యాపెట్లు సెట్ చేసిన ప్రతిసారీ చిరగదు. నట్టు ఎక్కువ బిగిస్తే రేకు వంగి, మధ్యలో నొక్కుకుని చివర లేస్తుంది. నట్ల కింద ఉండే రబ్బరు వాషర్లు ఎండిపోతే ఆయిలు నట్టు పక్క నుంచే వస్తుంది, ప్యాకింగు నుంచి వచ్చినట్టు కనబడుతుంది.

ఎడమ పక్క, సైలెన్సర్ మానిఫోల్డు కింద రెండు చిన్న రేకు కవర్లు ఉంటాయి. ఈ ఇంజన్‌లో నాకు అన్నిటికన్నా అనుమానం వీటి మీదే. ఎప్పుడూ మానిఫోల్డు సెగ తగులుతుంటుంది కాబట్టి కార్కు గట్టిపడి పెళుసవుతుంది. చేరుకోవడం కష్టం కాబట్టి ఇంజన్ కట్టేటప్పుడు కూడా ఒక చూపు తక్కువే. ఒక్కో కవర్‌కూ మధ్యలో ఒక్క బోల్టే ఉండి, దాన్ని బలంగా తిప్పితే రేకు గిన్నెలా లోపలికి పోతుంది. విప్పి, రేకు అంచును చదును రాయి మీద పెట్టి చూసి, ఒంపు ఉంటే చెక్క సుత్తితో సరి చేసి, కొత్త కార్కుతో మెత్తగా బిగించాలి. చెక్క సుత్తి లేకపోతే చెక్కముక్క అడ్డం పెట్టి మామూలు సుత్తి వాడొచ్చు.

కుడి పక్క ఆయిల్ ఫిల్టర్. పాత రకం డబ్బా ఫిల్టర్ అయితే పై గాడిలో ఒక రబ్బరు రింగు ఉంటుంది. పాతది గాడి అడుగున అతుక్కుని, గాడి అడుగులాగే కనిపిస్తుంది. దాని మీద కొత్త రింగు వేసి బిగిస్తే ఇంజన్ ఆన్ చేయగానే కారుతుంది. సూదితో గుచ్చి చూడండి, రబ్బరయితే దిగుతుంది. ఫిల్టర్, ఆయిల్ గేజి పైపు, గ్యాలరీ బిరడాలు, ఇవన్నీ ఒత్తిడి ఉన్న చోట్లు. ఇంజన్ పరుగులో అక్కడ 50 పౌండ్ల దరిదాపుల్లో ఒత్తిడి ఉంటుంది. ఇక్కడి లీకు ఇంజన్ ఆడుతుంటేనే వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంది, ఆపితే ఆగుతుంది. దీన్ని చిన్నదని వదిలేయకూడదు. గేజికి పోయే రబ్బరు పైపు పగిలితే ఇంజన్‌లో ఉన్న ఆయిలంతా కొన్ని నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది.

ముందు పుల్లీ వెనక టైమింగ్ కవర్ సీలు. కొత్త సీలు వేసినా కారుతుంటే పుల్లీ బొడ్డు మీద గోరుతో రాసి చూడండి. పాత సీలు రాపిడికి గాడి పడి ఉంటే కొత్త సీలు పెదవి ఆ గాడిలో పట్టు దొరక్క వదిలేస్తుంది. లేత్ షాపులో పల్చటి తొడుగు వేయించవచ్చు, లేదా సీలును కొద్దిగా ముందుకో వెనక్కో జరిపి గాడి తప్పించవచ్చు. సీలు స్ప్రింగు వైపు ఎప్పుడూ ఆయిల్ వైపుకే ఉండాలి. తిరగేసి కొట్టిన సీళ్లు కూడా ఉంటాయి.

ఛాంబర్ గురించి ఒక్క మాట చాలు. దాని బోల్టులు పావు అంగుళానివి, ఒక్కోదానికి ఆరు అడుగుల పౌండ్ల బిగువు చాలు. అంటే చిన్న పానాను రెండు వేళ్లతో లాగినంత. బలం చూపించాల్సిన చోటు కాదది. ప్యాకింగు సరిపోలేదని సిలికాన్ పేస్టు పట్టీలు పట్టీలుగా పూసేవాళ్లున్నారు. లోపలికి పిండుకున్న సిలికాన్ ఊడి, ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే బేరింగులే పోతాయి. మూలల్లో, అర్ధచంద్రపు కార్కు ముక్కలు కలిసే చోట చిటికెడు చాలు.

ఇక వెనక. ఇక్కడే ఎక్కువ డబ్బు, ఎక్కువ తగాదాలు. ఇప్పటి కార్లకు క్రాంక్ వెనక రబ్బరు పెదవి సీలు ఉంటుంది. 1489 సీసీ ఇంజన్‌కు అది లేదు. క్రాంక్ మీదనే స్క్రూ మర లాగా ఒక గాడి తిప్పి ఉంటుంది. క్రాంక్ తిరుగుతున్నంతసేపూ ఆ మర ఆయిల్‌ను లోపలికి తిప్పి పంపుతుంది. ఇంజన్ ఆగితే మర ఆగుతుంది. అప్పుడు అక్కడ మిగిలిన ఆయిల్ కొన్ని చుక్కలు వెనక్కు జారతాయి. బండి ముక్కు ఎత్తుగా నిలబెడితే ఇంకొంచెం. కొత్త ఇంజన్‌గా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు కూడా అది అంతే. కాబట్టి రాత్రి అట్ట మీద బెల్ హౌసింగ్ గీత దగ్గర నాలుగు చుక్కలుండి, పరుగు అట్ట మీద అక్కడ ఏమీ లేకపోతే మీ మేస్త్రీ మంచి పని చేశాడని అర్థం. పరుగులో కూడా ధారగా వస్తుంటే మూడు దారులు చూడాలి. బ్యాక్ కంప్రెషన్ ఆ మరను ఓడించి నెడుతుండవచ్చు. మెయిన్ బేరింగ్ సందు పెరిగి ఉండవచ్చు. లేదా మెయిన్ క్యాపును రాసినప్పుడో బోరింగు పట్టినప్పుడో మరకూ దాని చుట్టూ ఉన్న గోడకూ మధ్య ఉండాల్సిన వెంట్రుకంత సందు ఒక పక్క ఎక్కువై ఉండవచ్చు. మొదటిది ఇంజన్ దించకుండా తెలుస్తుంది, అందుకే దాన్ని మొదట చూడమన్నాను.

జీపుల్లో మోసం ఇంకో రకం. పాత విల్లీస్ రకం ఇంజన్‌కు క్యామ్ షాఫ్టు వెనక కొసన, ఫ్లైవీలు చాటున ఒక రేకు బిళ్ల కొట్టి ఉంటుంది. అది వదులైతే ఆయిల్ సరిగ్గా వెనక మెయిన్ సీలు కారినట్టే కనబడుతుంది. సీలు మార్చి, బిళ్ల చూడకుండా బిగించేసి, మళ్లీ దింపడం జరుగుతూనే ఉంటుంది. ఫ్లైవీలు బోల్టుల సందు నుంచి కూడా ఆయిల్ వస్తుంది, వాటి మరలకు సీలెంటు రాయాలి.

మేస్త్రీతో మాట

అట్టలు చేతిలో పెట్టుకుని షెడ్డుకు పోయినప్పుడు మాట ఎట్లా మొదలుపెడతారన్నది కూడా ఈ పనిలో భాగమే. 'అన్నా, నువ్వు కట్టిన ఇంజన్ కారతాంది' అన్నారనుకోండి. నలుగురు కుర్రాళ్ల ముందు ఆ మాట విన్న మనిషి ఏం చేస్తాడు? 'పాత బండప్పా, కారకుండా ఎట్లుంటాది' అంటాడు, లేదా కోపంతో అన్ని బోల్టులూ ఇంకో చుట్టు బిగిస్తాడు. పైన చెప్పినట్టు ఆ చుట్టుతోనే రేకులు వంగుతాయి.

ఇట్లా అనొచ్చు: 'అన్నా, రాత్రి నిలబెడితే ఏం పడలే. పది నిమిషాలు ఆడిస్తే ఫిల్టర్ కింద ఇంత పడింది. ఇదిగో అట్ట, తేదీ ఏసినా.' అప్పుడు మేస్త్రీ నోటి నుంచి వచ్చే మాట, 'యాడ, సూపీ.' అక్కడి నుంచి ఇద్దరి కళ్లూ ఇంజన్ మీదే ఉంటాయి. తప్పు ఎవరిదో తేల్చే పని ఎవరికీ ఉండదు. ఒకవేళ అది బిగింపు తప్పే అయితే ఆయనే గమనించి ఊరికే చేసిస్తాడు. మన పక్క మేస్త్రీలకు మాట పట్టింపు ఎంతో, పని పట్టింపూ అంతే.

ఆయన మీ మాట కాదని వేరేది అనుమానిస్తే వినండి. చెవి ఇంజన్ దగ్గర పెట్టి ముప్పై ఏళ్లుగా బతుకుతున్న మనిషి ఆయన. కానీ విప్పే ముందు ఒక్కటి అడగండి: 'అదే అయితే ఇంకా యాడ తడి ఉండాల అన్నా?' జవాబు వచ్చాక ఆ చోటు కలిసి చూడండి. తడి ఉంటే విప్పొచ్చు. పొడిగా ఉంటే ఆయనే పానా కింద పెడతాడు. ఒక చుట్టులో ఒక్కటే మార్చమనండి. ఫిల్టర్ రింగు, పక్క కవర్లు, ఆయిల్ గ్రేడు మూడూ ఒకేసారి మార్చి లీకు ఆగితే, దేనితో ఆగిందో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఆరు నెలలకు మళ్లీ వస్తే మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఏది బాగు చేయించాలి, ఏది వదిలేయాలి? నా లెక్క ఇది. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు లోపు పోతుంటే, అది మంట దగ్గరా రబ్బరు దగ్గరా పడకపోతే, వదిలేసి వారానికోసారి స్టిక్కు చూసుకోండి. మానిఫోల్డు మీద పడి పొగ వస్తుంటే ఆ రోజే ఆపాలి, నిప్పు ప్రమాదం. ఇంజన్ మౌంటింగు రబ్బరు మీద పడుతుంటే ఆ నెలలో, ఆయిల్‌కు రబ్బరు ఉబ్బి మెత్తబడి ఇంజన్ ఊగుతుంది. క్లచ్ ప్లేటుకు చేరితే బండి కదిలేటప్పుడు వణుకుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది కానీ బండి ముందుకు పోదు. గువ్వలచెరువు ఘాటు మధ్యలో అది తెలిసిరావడం ఎవరికీ మంచిది కాదు. ఆ ఘాటు దిగేటప్పుడు వెనక అద్దంలో నీలిపొగ కనబడితే అది లీకు కాదు, వాల్వు గైడ్ల గుండా ఆయిల్ లోపలికి పోయి కాలుతోంది. కింద ఎంత వెతికినా దాని చుక్క దొరకదు.

అన్నీ చూశాక వెనక పని చేయక తప్పదని తేలితే, ఇంజన్ దించిన రోజునే చేయించాల్సినవి ముందే కాగితం మీద రాసుకుని మేస్త్రీకి ఇవ్వండి. క్లచ్ ప్లేటు, రిలీజు బేరింగు, ఫ్లైవీలు మధ్యలోని బుష్షు, బ్లాకు వెనక బిళ్లలు, ఎడమ పక్క కవర్ల కార్కులు, ఛాంబర్ ప్యాకింగు, గేర్ బాక్స్ ముందు కవర్ ప్యాకింగు. వీటిలో చివరిదాన్ని అందరూ మరిచిపోతారు. దాని కోసం మళ్లీ దింపమంటే ఎంత మంచి మేస్త్రీ అయినా వారం రోజులు ఫోను ఎత్తడు.